చవుడు మొదలు సర్ఫు వరకు

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



కలకత్తా నగర చరిత్రను చెప్పువారు తరచుగా ఒక రజకుని కథతో ప్రారంభింతురు. 1679లో స్టాఫర్డ్ అను ఆంగ్ల నావికుడు ‘ఫాల్కన్’ అను ఓడను హుగ్లీ నదిలో పైకి నడిపించుకొని వచ్చి, గార్డెన్ రీచ్ వద్ద లంగరు దించెనట. మద్రాసు తీరపు వాడుక ననుసరించి, తనకొక ‘దుబాసి’ కావలెనని అతడు అచటి వస్త్రవర్తకులైన సేఠులకును బసాకులకును కబురంపెను. దుబాసి యనగా రెండు భాషలు తెలిసినవాడని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ వర్తకులకు మాత్రము ఆ మాట కొత్త. వారు దానిని ‘ధోబా’ అని విని, నెలల తరబడి సముద్రముపై నున్న దొరల బట్టలు మాసియుండును గాబోలునని తలచి, రతన్ సర్కారు అను రజకుని ఓడకు పంపిరట. అతడు చురుకైనవాడు. కొలది ఇంగ్లీషు మాటలు పట్టుకొని నిజముగనే దుబాసి యయ్యెను, ధనవంతుడును అయ్యెను. అతని పేర రతన్ సర్కార్ గార్డెన్ వీధి ఈ నగరమున నేటికిని కలదు.

ఈ గార్డెన్ రీచ్ తెలుగువారికి తెలియని చోటు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయము ఇచటనే ఉండెను. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడును ప్రధాన కార్యాలయము ఇదియే. వాల్తేరు డివిజను 2003 వరకు దీనికే లోబడియుండెను. విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములనుండి కొలువుల కొరకు బయలుదేరిన కుటుంబములు ఎన్నియో ఈ త్రోవనే కలకత్తా చేరెను. అదే గార్డెన్ రీచ్‌లో 1934లో బట్టల సబ్బు తయారుచేయు పెద్ద కర్మాగార మొకటి నడక సాగించెను. రజకుడు, సబ్బు, తెలుగు ఉద్యోగి – మువ్వురును ఒకే యేటిగట్టున కలిసినారన్నమాట. అందుచేత ఇంటింటను బట్టలుతుకు పొడుల చరిత్ర ఈ సభకు తగని విషయము కాదు. ప్రతి యింటను వారమున కొక పొట్లమైనను చింపబడుచున్నది. ఆ పొట్లము వెనుక నున్న కథ మాత్రము తెలిసినవారు తక్కువ.

సబ్బు రాకముందు బట్టలు తెల్లబడుట లేదా యని పిల్లలు అడుగుదురు. తెల్లబడెను, బాగుగనే తెల్లబడెను. మనుస్మృతి అయిదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధిని చెప్పు సందర్భమున, పట్టుబట్టలకును ఉన్నిబట్టలకును చవుటిమన్ను, కంబళములకు కుంకుడుకాయ, సన్నని నారబట్టలకు మారేడుకాయ, అవిసెనార వస్త్రములకు తెల్లావాలు అని వేరువేరుగా విధింపబడినది. ఏ బట్టకు ఏ మందు అను వివేకము నేటి పొట్లములమీది అచ్చులో కనిపించు హెచ్చరికలకంటె చాల పాతదన్నమాట.

తెలుగునాట చాకిరేవు పద్ధతి అందరికిని తెలిసినదే. చవుడు కలిపిన నీట బట్టలను ముంచి, పిండి, బానలో నీరు మరుగుచుండగా ఆవిరి తగులునట్లు పైన పేర్చి, ఉబ్బ పెట్టుదురు. తెల్లవారిన పిమ్మట ఏటి ఒడ్డున బండమీద ఉతికి, జాడించి, యెండవేయుదురు. ఇందులోని రసాయనము గమనింపదగినది. చవుటిలో నుండునది సోడాక్షారము. ఆవిరి వేడికి ఆ క్షారము బట్టకంటిన నూనెజిడ్డుతో కలిసి, జిడ్డులో కొంత భాగమును సబ్బుగా మార్చివేయును. అనగా చాకలి సబ్బును కొనలేదు. మాసిన బట్టలోనే సబ్బును పుట్టించెను. నల్లజీడి గింజ రసముతో ఇంటింటికి ఒక గుర్తు పెట్టి, నూరిండ్ల బట్టలను కలిపి ఉతికియు, ఒక్క తుండుగుడ్డయు తారుమారు కాకుండ ఇల్లు చేర్చిన నేర్పు ఆ వృత్తివారిది. ప్రతిఫలము పంటకాలమున కళ్ళములో కొలిచిన మేర గింజలు, పండుగనాటి అన్నము. చలువ మడతలు కట్టుకొన్నవారు సభలలో కూర్చుండిరి. వానిని చలువ చేసినవాడు సభ వెలుపల నిలిచెను. ఈ మాట మరచి బట్టల శుభ్రతను గూర్చి మాట్లాడుట న్యాయము కాదు.

అయినను తెలుగు సాహిత్యము వారిని పూర్తిగా మరువలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మడివాలు మాచయ్య కథను భక్తితో చెప్పెను. శివభక్తుల బట్టలు మాత్రమే ఉతికెదనని వ్రతము పట్టిన రజకుడాయన. సోమనాథుని పేరులోనున్న పాలకుర్తి, నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తియే. ఏడువందల యేండ్లకు పిమ్మట అదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించుకొన్న పంటకొరకు విసునూరు దేశముఖునకు ఎదురు నిలిచి, తెలంగాణ సాయుధ పోరాటమునకు గుర్తుగా నిలిచిపోయెను. ఆమె 1985లో కన్నుమూసెను. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడినది.

ఇక సబ్బు సంగతి. ఆ మాటయే పరదేశము నుండి వచ్చినది. లాటినులో ‘సాపో’, అరబ్బీలో ‘సాబూన్’, బెంగాలీలో ‘సాబాన్’, తెలుగున ‘సబ్బు’ – అన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. పడమటి దేశములలోను చాలకాలము సబ్బు ధనికుల వస్తువే. అందులకు కావలసిన సోడాను ఉప్పునుండి చేయు విధానమునకు 1791లో లెబ్లాంక్ అను ఫ్రెంచి వైద్యుడు హక్కుపత్రము పొందెను. 1823లో షెవ్రోల్ అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్రొవ్వుల స్వభావమును గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. అంతటితో సబ్బు చేయుట కేవలము చేతివాటము గాక శాస్త్రమయ్యెను.

1888 వేసవిలో కలకత్తా రేవున కొన్ని పెట్టెలు దిగెను. అందులో సన్‌లైట్ బట్టల సబ్బు బిళ్ళలు. వానిపై అవి ఇంగ్లండులో లీవర్ సోదరులచే చేయబడినవను అచ్చు. అంతవరకు సబ్బును పొడవైన కడ్డీగా చేసి, కోసి, తూచి అమ్ముటయే వాడుక. ముందుగనే కోసి, కాగితము చుట్టి, పేరు పెట్టి అమ్ముట విలియం లీవరు 1884 తరువాత తెచ్చిన వ్యాపారపు కొత్తదనము. వస్తువుకంటె పేరును కొనుట ఈ దేశమున ఆ పెట్టెలతో బలపడినదని చెప్పవచ్చును. 1905లో ‘లక్స్’ రేకులు వచ్చెను. సున్నితమైన బట్టలకొరకు సబ్బును పలుచని రేకులుగా చీల్చిన సరుకది. బిళ్ళ రేకైనది, రేకు పొడియగుటకు ఇక ఒక్క అడుగే.

అయితే ఆ సంవత్సరమే వంగదేశమున స్వదేశోద్యమము చెలరేగెను. విదేశవస్తువును విడుచుటతోపాటు స్వదేశవస్తువును చేయుటయు కర్తవ్యమైనది. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ రసాయన పరిశ్రమకు త్రోవ చూపెను. వైద్యుడు నీలరతన్ సర్కార్ నేషనల్ సోప్ ఫ్యాక్టరీ స్థాపించెను. 1916లో కలకత్తా కెమికల్ కంపెనీ వెలసెను. వేపనూనెతో చేసిన మార్గో సబ్బు వారిదే. బిపిన్ చంద్ర పాల్ 1907లో విశాఖ, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు పట్టణములలో ప్రసంగించినప్పుడు ఈ స్వదేశీ భావము తెలుగువారి ఇండ్లకును చేరెను. పరదేశపు సబ్బులో జంతువుల క్రొవ్వు కలియునను శంక మడి పాటించు ఇండ్లలో బలముగా నుండెను. అందుచే నూనెలతో మాత్రమే చేసిన స్వదేశపు సబ్బులకు ఆదరము పెరిగెను. లీవరు కంపెనీయు ఇచటనే సబ్బు చేయక తప్పలేదు. 1933లో ఈ దేశమున కంపెనీని నమోదు చేసి, 1934లో బొంబాయి సేవ్రీలో కర్మాగారము నెలకొల్పెను. ఇచట గార్డెన్ రీచ్‌లోని నార్త్ వెస్ట్ సోప్ కంపెనీ కర్మాగారమును అద్దెకు గైకొని విస్తరించెను.

ఇంతకును సబ్బు మురికినెట్లు వదల్చును? సబ్బు అణువునకు రెండు కొనలు. ఒకటి నీటిని కోరును; మరొకటి నూనెను కోరును. నూనెను కోరు కొన జిడ్డులో నాటుకొనును. నీటిని కోరు కొన దానిని నీటిలోనికి లాగును. ఇట్లు జిడ్డు చిన్నచిన్న బిందువులుగా విడి నీటితో పోవును. దుబాసి పనియే సబ్బు పని. ఒకరి భాష ఒకరికి తెలియని నీటికిని నూనెకును నడుమ నిలిచి సంధి చేయుట.

అయితే ఈ దుబాసికి ఒక లోపము కలదు. ఉప్పునీటి బావులున్న ఊళ్ళ ఆడువారికి ఆ లోపము బాగుగా తెలియును. నీటిలో సున్నము, మెగ్నీషియము లవణము లున్నచో సబ్బు వానితో కలిసి విరిగిపోవును, నురుగు రాదు, తెల్లని తెట్టు బట్టకంటుకొని నెరసినట్లగును. సబ్బు ఎంత రుద్దినను ముందు నీటికే సరిపోవును గాని మురికిదాక పోదు.

ఈ లోపమును తీర్చు ప్రయత్నమునకు ప్రోద్బలము పరిశుభ్రతాకాంక్ష కాదు, యుద్ధము. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనీలో నూనెలు, క్రొవ్వులు కరవైనవి. ఉన్న క్రొవ్వు తిండికే చాలనప్పుడు సబ్బునకెక్కడిది? అప్పుడచటి శాస్త్రజ్ఞులు 1917 ప్రాంతమున ‘నేకాల్’ అను కృత్రిమ క్షాళకమును చేసిరి. అది నీటిని బట్టలోనికి ఇంకించెనే గాని మురికిని బాగుగా వదల్చలేదు. 1933లో అమెరికాలో ‘డ్రెఫ్ట్’ వచ్చెను; పలుచని బట్టలకు మాత్రమే పనికివచ్చెను. ఫాస్ఫేటు లవణమును జతచేసి, కఠినజలమును మెత్తబరచి, బాగుగా మాసిన బట్టలను సైతము ఉతుకగల ‘టైడ్’ 1946లో వెలువడెను. అంతకుముందు 1907లో జర్మనీ హెంకెల్ కంపెనీవారు తెచ్చిన ‘పెర్సిల్’ సబ్బుపొడియే. దానిలో తెలుపునిచ్చు మందు కలిసియుండెను. 1913లో ఓటో రోమ్ అను జర్మనుడు మాంసకృత్తుల మరకలను విడదీయు జీర్ణరసములను బట్టలుతుకుటకు వాడవచ్చునని చూపెను. నేటి పొడులలో ‘ఎంజైములు’ అని చెప్పుకొనునది ఆ వంశమే. సబ్బు కొబ్బరితోటలలో పుట్టినది. కొత్తపొడి పెట్రోలియము బావులలో పుట్టినది. రెంటిని ఒకే పేర పిలుచుట వాడుకలోని సౌకర్యమే గాని, జాతులు వేరు.

భారతదేశమున ఈ కొత్తజాతి పొడులు 1950ల చివర వచ్చెను. 1957లో స్వస్తిక్ కంపెనీ ‘డెట్’ అను తెల్లని పొడిని విడుదల చేయగా, అది తూర్పు రాష్ట్రములలో త్వరగా వ్యాపించెను. 1959లో హిందుస్థాన్ లీవర్ కంపెనీ నీలివన్నె పొడిని ‘సర్ఫ్’ అను పేర అమ్మసాగెను. అది పడమట, ఉత్తరమున, దక్షిణమున పైచేయి సాధించెను. కలకత్తాలో కాపురమున్న తెలుగు ఇల్లాలు ఒక పొడి వాడుచుండగా, ఆంధ్రదేశమున నున్న అక్క మరియొకటి వాడియుండుటకు చాల అవకాశమున్నది. తుదకు తెలుగు ఇండ్లలో ఏ కంపెనీ పొడియైనను ‘సర్ఫు’ అనుటయే పరిపాటియైనది. బెంగాలులోను కేరళలోను మాత్రము సన్‌లైట్ పేరునకు మన్నన నిలిచెను.

అయితే నాడు సర్ఫు జీతగాళ్ళ వస్తువు గాదు. నెలాఖరు లెక్కలు చూచుకొను గుమాస్తా ఇంటిలో అది మంచిబట్టలకే. తక్కిన వానికి 501 బారు సబ్బు, చాకలిసోడా, నీలిమందు, గంజి. ఈ స్థితిని మార్చినవాడు ఒక ప్రభుత్వోద్యోగి యగుట ఈ సభవారికి సంతోషము కలిగించును. గుజరాతు ప్రభుత్వపు గనుల, భూగర్భశాఖలో రసాయన ప్రయోగశాల ఉద్యోగియైన కర్సన్‌భాయి పటేల్ 1969లో అహమ్మదాబాదులో తన ఇంటిపెరటిలో పసుపువన్నె పొడిని కలిపి, ఆఫీసు వేళలు మినహాయించి సైకిలుపై ఇంటింటికి తిరిగి అమ్మెను. పెద్ద కంపెనీ పొడి కిలో 13 రూపాయలుండగా ఇతని పొడి 3 రూపాయలు. కూతురు నిరుపమ పేరుమీద దానికి ‘నిర్మా’ అని పేరిడెను. ఎత్తైన గోపురమునుండి ద్రవమును చల్లి వేడిగాలితో ఆరబెట్టు యంత్రము అతనికి లేదు, చేతితో కలుపుటయే. విద్యుచ్ఛక్తి వాడక చేసిన ఇట్టి సరుకునకు నాడు ఎక్సైజు సుంకములో మినహాయింపుండెను. ఆ శాఖలో పనిచేసినవారికి ఇది తెలిసిన విషయమే. 1980లలో రేడియోలోను, దూరదర్శనిలోను ఆ పొడి పాట వినని ఇల్లు లేదు. 1985 నాటికి అది దేశములో మిక్కిలి అమ్ముడగు పొడులలో ఒకటియయ్యెను.

పెద్ద కంపెనీ ఊరకుండలేదు. ప్రకటనలలో లలితాజీ అను గట్టి ఇల్లాలిని నిలిపి, చౌక వేరు, మేలు వేరు అని వాదింపజేసెను. కవితా చౌధురి ఆ పాత్ర ధరించెను. కూరగాయల బేరములో పైసాకు పట్టుబట్టు ఆమె, పొడి విషయమున మాత్రము అధికధర నిచ్చుట ఎందుకో విప్పి చెప్పును. ఆ వెనువెంటనే కంపెనీ ‘వీల్’ అను చౌకపొడినిగూడ తెచ్చెను. అనగా నోటితో ఒక వాదము, చేతితో మరొకటి. కాన్పూరునుండి ‘ఘడీ’ వచ్చెను. గుంటూరునుండి వచ్చిన ‘త్రిబుల్ ఎక్స్’ సబ్బు తెలుగువారి గోడలకును నాలుకలకును ఎక్కెను. ఈ పోటీలో ఎవరు గెలిచినను, లాభపడినవాడు గుమాస్తాయే. ఒకనాడు బీరువాలో దాచుకొన్న పొడి బక్కెటు పక్కకు చేరినది.

ఇచట ఒక ప్రశ్న అడుగవలసియున్నది. పొడి చౌకయైనది, పని చౌకయైనదా? తెలుగునాట వాడుక చాకలి ఇంటికి వచ్చి మూట కట్టుకొని పోయెడివాడు. కలకత్తాలో క్వార్టర్లకు వచ్చిన కుటుంబమునకు ఆ వాడుక లేదు. కుళాయిలో నీళ్ళు వచ్చు వేళ కొలది. భర్త ఆఫీసునకు, పిల్లలు బడికి పోవులోపల బక్కెటు నింపి, పొడి వేసి, నానబెట్టి, రుద్ది, జాడించి, వరండాలో ఆరవేయు పని ఇల్లాలిదైనది. క్షారము హెచ్చుగానున్న చౌకపొడులలో వ్రేళ్ళు పగులును. ఆ సంగతి ప్రకటనలలో లేదు. బట్టల తెల్లదనమును మెచ్చువారు వ్రేళ్ళను చూడలేదు. పొడి వచ్చుటచే పని మాయము కాలేదు. ఒకరి చేతులనుండి మరొకరి చేతులకు మారినది. మొదటివారికి కొలిచిన గింజలైనను ముట్టెను. రెండవవారికి అదియు లేదు.

మొదటివారి సంగతి యేమైనది? బాలిగంజ్ ప్రాంతమున బ్రిటిషువారి కాలమునాటి ధోబీఖానాలో, బీహారు మున్నగు చోట్లనుండి వచ్చిన రజకులు సిమెంటు తొట్లలో నేటికిని బట్టలుతుకుచున్నారు. తెలుగునాట రేవులు చాల చోట్ల పాడుపడెను, ఆ కులమువారి పిల్లలు చదువులకు, ఇతర వృత్తులకు పోయిరి, అది మేలే. నిలిచినవారు ఇస్త్రీపెట్టెతో వీధిమొగల నిలిచిరి. 2021 ఏప్రిల్ నుండి తెలంగాణ ప్రభుత్వము రజకుల లాండ్రీలకును రేవులకును నెలకు 250 యూనిట్ల విద్యుత్తు ఉచితముగా నిచ్చుట ఆరంభించినది. బొగ్గుల పెట్టెనుండి కరెంటు పెట్టెకు మారు వృత్తికి ఇది యొక ఊత.

మూడవ చేయి నీటిది. మొదటి తరము క్షాళకములు సూక్ష్మజీవులు జీర్ణింపలేనివి. 1950లలో ఐరోపా, అమెరికా నదులపై నురుగు కొండలై తేలెను. 1961లో పశ్చిమ జర్మనీ శాసనము చేసెను. 1960ల నడుమ కంపెనీలు జీర్ణమగు జాతి రసాయనమునకు మారెను. ఫాస్ఫేటులు చెరువులలో నాచునకు ఎరువై చేపలకు ప్రాణవాయువు లేకుండ చేయునని తరువాత తెలిసెను. ఇది దూరదేశపు సంగతి కాదు. 2001 నుండి కోల్‌కతా యని పిలువబడు ఈ నగరపు మురుగునీటిలో అధికభాగము కాలువలలో తూర్పునకు పారి, భేరీలను చెరువులలో చేరును. అచట ఎండయు, నాచును, సూక్ష్మజీవులును కలిసి దానిని శుద్ధి చేయును. జాలరులు అందులో చేపలు పెంచుదురు. ఆ చేపలే తిరిగి నగరపు బజారులకు వచ్చును. దాదాపు 12,500 హెక్టారుల ఈ తడినేలలకు 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ గుర్తింపు లభించెను. వాని విలువను లోకమునకు చాటినవారు ధ్రువజ్యోతి ఘోష్, రాష్ట్రప్రభుత్వపు ఇంజనీరు. అనగా ఉదయము బక్కెటులో వేసిన పొడి మిగులు, మరియొకనాడు ఏదో రూపమున ఇంటి వాకిటికే తిరిగి రావచ్చును.

అందుచే ఇంటివారికి రెండు మూడు మాటలు. నురుగు హెచ్చినంతమాత్రమున మురికి వదలదు. నురుగు కంటికి తృప్తి నిచ్చును, అంతియే. నానబెట్టు వ్యవధి హెచ్చించినచో పొడి తగ్గించవచ్చును. పట్టునకును ఉన్నికిని కుంకుడుకాయ నేటికిని సరియైన మందే. బక్కెటు మోయునది ఒక్కరే కానక్కరలేదు. నీళ్ళు పిండుటకు మగవారి చేతులును పనికివచ్చును.

పొట్లముపై కంపెనీ పేరుండును, వెలయుండును, తూకముండును. రేవున వంగిన నడుము పేరుండదు, ఇంట పగిలిన వ్రేళ్ళ పేరుండదు, తూర్పున మురుగు మ్రింగు చెరువు పేరుండదు. 1679లో ఓడపైకి వెళ్ళిన రజకుని పేరు మాత్రము ఈ నగరము ఒక వీధికి పెట్టి దాచుకొన్నది. అది దుబాసి యైనందుకే గాని, బట్టలుతికినందుకు కాదు. తెల్లని చలువ మడత విప్పి కట్టుకొనునప్పుడు ఆ చేతులను ఒక్కసారి తలచుకొనుట శుభ్రతలో ఒక భాగమే.